అమ్మకు కరెంటు పెడుతున్నారు, పుట్టగొడుగుల క్యాప్సూల్స్ ఇవ్వొచ్చా?

ఉద్దానం_కొబ్బరి (సోమవారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 61 ఏళ్లు. అంగిట్లో పుండు ఎంతకీ మానకపోతే చూపించాం, క్యాన్సర్ అన్నారు. మావైపు వాళ్లకు కారణం చెప్పక్కర్లేదు, అడ్డపొగ. చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. పదహారేళ్ల పిల్లప్పటి నుంచీ అలవాటు. ఆపరేషన్ అయింది, ఇప్పుడు విశాఖలో కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు. మొత్తం 30 సిట్టింగులు, ఇవాళ్టికి 8 అయ్యాయి.

అసలు సంగతి ఏంటంటే, మా పెద్దత్త కొడుకు ఒక చైన్ మార్కెటింగ్‌లో ఉన్నాడు. "కరెంటు వల్ల లోపలి అవయవాలు పాడైపోతాయి వదినా, పుట్టగొడుగుల్లో ఉండే పదార్థాలు కవచంలా కాస్తాయి" అంటూ రెండు డబ్బాలు తెచ్చిచ్చాడు. డబ్బా 3,400. దాని మీద రీషి, చాగా, నల్ల పుట్టగొడుగు, బీటా గ్లూకాన్, ఎర్గోథయోనైన్ అని రాసుంది. ఫోన్లో ఒక ఫార్వర్డ్ కూడా చూపించాడు. అమెరికాలో ఎలుకలకు నల్ల పుట్టగొడుగులు తినిపించి రేడియేషన్ పెడితే పదింట తొమ్మిది బతికాయట. చెర్నోబిల్ రియాక్టర్ గోడల మీద నల్లబూజు హాయిగా పెరుగుతోందని ఇంకోటి.

ఇందులో నిజమెంత? డాక్టరు గారిని మళ్లీ కలిసేది శుక్రవారం, అదీ మూడు నిమిషాలు. అమ్మకు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.6 ఉంది. ఉద్దానం కదా, కిడ్నీ జబ్బు ఇంటింటికీ ఉన్నదే. అందుకే కీమో కలపలేదన్నారు. డబ్బాల సీలు ఇంకా తీయలేదు.

ప్రకృతి_బాట (సోమవారం, రాత్రి 10:05)

సందేహించకుండా మొదలుపెట్టండి అమ్మా. మా నాన్నగారికి 2019లో ప్రోస్టేట్‌కు రేడియేషన్ ఇచ్చినప్పుడు మొదటి రోజు నుంచీ రీషి వాడాం. నీరసం లేదు, వాంతి లేదు, స్కూటర్ మీద ఆయనే వెళ్లొచ్చేవారు. చైనా, జపాన్ వాళ్లు వందల ఏళ్లుగా వాడుతున్నారు. మన దగ్గర ఏదైనా సహజం అంటే చాలు ముక్కు విరుస్తారు. నేను వాడిన బ్రాండ్ కావాలంటే ఈ నంబర్‌కు [తొలగించబడింది]

మోడరేటర్ (సోమవారం, రాత్రి 10:20)

ఫోన్ నంబర్లు, బ్రాండ్ పేర్లు వద్దు. ఇంకోసారి పెడితే పోస్టే పోతుంది.

లీనాక్_రాజు (సోమవారం, రాత్రి 11:31)

నేను హైదరాబాద్‌లో మెడికల్ ఫిజిసిస్టుని. డాక్టర్ని కాను. మీ అమ్మగారి ముఖం మీద బిగించే వల లాంటి మాస్క్ ఉంది చూడండి, ఆ మాస్క్ పెట్టుకుని తీసిన సీటీ మీద ఏ కిరణం ఎటు నుంచి ఎంత వెళ్లాలో లెక్క కట్టేది మా బాపతు వాళ్లు.

ముందు "లోపలి అవయవాలు" అన్న మాట సంగతి. నోటికి పెట్టే కరెంటు గుండెకూ, కిడ్నీలకూ, పేగులకూ పోదు. చుట్టుపక్కల చెదిరేది ఉంటుంది కానీ లెక్కలోకి రానంత తక్కువ. ఈ చికిత్సలో దెబ్బతినేవి నోటి లోపలి పొర, లాలాజల గ్రంథులు, మెడ చర్మం, దవడ ఎముక. మూడో వారం నుంచి నోరు పూస్తుంది, ఎంగిలి చిక్కబడుతుంది, రుచి పోతుంది. మీ అత్త కొడుకు అవయవాలన్నీ పాడవుతాయని భయపెడుతుంటే, ముందు ఏ అవయవమో చెప్పమనండి.

రెండోది, కవచం అనే ఆలోచన కొట్టిపారేయాల్సింది కాదు. ఎక్స్ కిరణాలు చేసే నష్టంలో మూడింట రెండొంతులు నేరుగా జరగదు. కిరణం ముందు మన కణాల్లోని నీటిని పగలగొడుతుంది, అందులోంచి హైడ్రాక్సిల్ రాడికల్ అనేది పుడుతుంది, అది వెళ్లి డీఎన్ఏని కొరుకుతుంది. ఆ రాడికల్‌ను మధ్యలోనే మింగేసే పదార్థం కణంలో ముందే సిద్ధంగా ఉంటే నష్టం తగ్గుతుంది. ఈ ఆలోచనతోనే అమెరికా సైన్యం వాళ్ల వాల్టర్ రీడ్ సంస్థలో గంధకం ఉన్న ఒక మందు తయారైంది, పేరు అమిఫోస్టిన్. అణుయుద్ధం వస్తే సైనికులను కాపాడాలని మొదలుపెట్టారు. చివరికి 1995లో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు నుంచి కిడ్నీని కాపాడటానికి, 1999లో తల, మెడ రేడియేషన్‌లో నోరు ఎండిపోకుండా ఉండటానికి అక్కడ అనుమతి వచ్చింది. కరెంటు పెట్టే ముందు ప్రతిరోజూ సెలైన్ లైన్లో ఇవ్వాలి. బీపీ పడిపోతుంది, వాంతులవుతాయి. అందుకే పెద్దగా వాడకంలో లేదు. పరీక్షలన్నీ దాటొచ్చిన అసలు సిసలు మందు పరిస్థితే అది.

మూడోది, డబ్బాల వాళ్లు ఎప్పుడూ చెప్పనిది. మనం కరెంటు పెట్టేదే కణాలను చంపడానికి. కవచం మంచి కణానికి తొడిగి, చెడ్డ కణానికి తొడగకుండా ఉండాలి. నోట్లో వేసుకున్న క్యాప్సూల్‌కు ఆ తేడా ఎవరు నేర్పుతారు?

ఉద్దానం_కొబ్బరి (మంగళవారం, ఉదయం 6:50)

రాజు గారూ, చాలా థ్యాంక్స్. ఒక పిచ్చి ప్రశ్న. ఆ ఫార్వర్డ్‌లో ఎలుకలకు 9 గ్రే పెడితే చచ్చిపోయాయని ఉంది. మా అమ్మ ఫైల్లో 60 గ్రే అని రాశారు. రాత్రి నుంచి నిద్ర లేదు.

లీనాక్_రాజు (మంగళవారం, ఉదయం 7:15)

పిచ్చి ప్రశ్న కాదు, అందరికీ వచ్చే టెన్షనే. గ్రే అంటే కిరణాల మోతాదు కొలత. ఎలుకకు ఆ 9 ఒంటినిండా, ఒక్క పూటలో. మీ అమ్మగారికి నోరు, మెడ వరకే, రోజుకు 2 చొప్పున, శని ఆదివారాలు సెలవు. వేలి మీద రోజుకో నూనె చుక్క చిట్లడం వేరు, మూకుడు మూకుడంతా నెత్తిన పడటం వేరు. మనిషికైనా ఒంటినిండా ఒకేసారి నాలుగు గ్రే తగిలి వైద్యం అందకపోతే ప్రాణం మీదికొస్తుంది. పడుకోండి ఇక.

బూజు_పరిశోధకుడు (మంగళవారం, ఉదయం 8:02)

నేను కెనడాలో సస్కటూన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, శిలీంధ్రాల మీదే. ఇక్కడ ఇప్పుడు రాత్రి. ఆ ఫార్వర్డ్ వెనక ఉన్న పని నిజమే, కల్పన కాదు. ఎంతవరకు నిజమో చెప్తా, కాస్త పొడుగవుతుంది.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ నాలుగో రియాక్టర్ పేలింది. తర్వాతి ఏళ్లలో కీవ్‌కు చెందిన నెల్లి జ్దనోవా అనే శాస్త్రవేత్త ఆ శిథిలాల్లో పెరుగుతున్న బూజుల్ని సేకరించింది. వాటిలో చాలావాటికి ఉమ్మడి లక్షణం నలుపు, అంటే మెలనిన్. మన జుట్టులో, చర్మంలో ఉండే రంగుకు దగ్గరి చుట్టం. 2007లో న్యూయార్క్‌లో ఎకటెరీనా దాదాచోవా, ఆర్టురో కసడెవాల్ బృందం ఇంకో అడుగు వేసి, రేడియేషన్ ఉన్నచోట మెలనిన్ గల బూజులు మరింత చురుగ్గా పెరుగుతున్నాయని చూపించింది. "రేడియేషన్ తిని బతికే బూజు" కథలన్నీ అక్కడి నుంచే. తర్వాత అదే జాతి బూజును అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపి నెల రోజులు పెంచారు. 1.7 మిల్లీమీటర్ల పొర కింద రేడియేషన్ ఎంత తగ్గిందో తెలుసా? సుమారు 2 శాతం. ఫార్వర్డుల్లో ఈ 2 ఎప్పుడూ కనపడదు.

ఇక ఎలుకలు. అది 2012 నాటి పేపర్, దాదాచోవా బృందానిదే. వాడింది ఆరిక్యులేరియా, అంటే చైనీస్ సూపుల్లో చెవి తమ్మెలా మెత్తగా తేలే నల్ల పుట్టగొడుగు. ఎలుకలకు అది తినిపించారు, గంట ఆగారు, సీజియం అనే రేడియోధార్మిక పదార్థం నుంచి 9 గ్రే పెట్టారు. ఏదీ తినని ఎలుకలు రెండు వారాల్లోపే అన్నీ పోయాయి. నల్లది తిన్నవాటిలో దాదాపు పదింట తొమ్మిది నిలిచాయి. నాకు ఆ పేపర్లో నచ్చింది ఇంకోటి. కొన్ని ఎలుకలకు తెల్లటి పొర్చీని పుట్టగొడుగు పెట్టారు, అవీ చచ్చాయి. అదే తెల్ల పుట్టగొడుగులో విడిగా మెలనిన్ కలిపి పెడితే బతికాయి. అంటే కాపాడింది పుట్టగొడుగు కాదు, అందులోని నలుపు.

ఎలా కాపాడింది? పేగుల్లో ఉండి. మెలనిన్ రక్తంలోకి సరిగా ఎక్కదు. కడుపులో, పేగుల్లో మెత్తగా పరుచుకుని, దూసుకొచ్చే ఎలక్ట్రాన్ల ఊపు తగ్గించిందని వాళ్ల వివరణ. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్తగా పుడుతుంది. పుట్టించే మూలకణాలు పోతే పొర రాలిపోతుంది, ఎలుక పోతుంది. ఆ కణాల పక్కనే కవచం ఉంది కాబట్టి బతికింది. మీ అమ్మగారికి కరెంటు పెట్టేది అంగిటికి. క్యాప్సూల్ అంగిటి మీద ఆగదు కదా, జారి కడుపులోకి పోతుంది. కడుపుకు కరెంటే లేదు.

చేవెళ్ల_పుట్టగొడుగులు (మంగళవారం, ఉదయం 11:10)

నేను మిల్కీ, ఆయిస్టర్ పుట్టగొడుగులు పండిస్తా. నా దగ్గరికొచ్చే పదిమందిలో ముగ్గురు "క్యాన్సర్‌కు మంచిదట కదా" అనే మొదలుపెడతారు. అవునంటే సరుకు పోతుంది. నేను మాత్రం "కూరకు మంచిది" అంటా.

అక్కా, మీ డబ్బాలో ఎన్ని క్యాప్సూల్స్, ఒక్కోటి ఎంతో చూసి చెప్తారా?

ఉద్దానం_కొబ్బరి (మంగళవారం, ఉదయం 11:34)

60 ఉన్నాయి. 500 మిల్లీగ్రాములు.

చేవెళ్ల_పుట్టగొడుగులు (మంగళవారం, ఉదయం 11:52)

అంటే 30 గ్రాముల పొడి. పచ్చి పుట్టగొడుగులో పదింట తొమ్మిది పాళ్లు నీళ్లే. 30 గ్రాముల పొడి రావాలంటే 300 గ్రాముల పచ్చివి కావాలి. నా షెడ్డు దగ్గర ఆయిస్టర్ కిలో 250. లెక్కన మీ 3,400 డబ్బాలో ఉన్నది 75 రూపాయల సరుకు. రీషి, చాగా కాస్త ఖరీదైనవే, ఒప్పుకుంటా. ఎంత ఖరీదని వేసుకున్నా ఆ రేటుకు పొంతన కుదరట్లేదు.

అన్నట్టు, ఆ నల్ల చెవి పుట్టగొడుగు మన మార్కెట్లో పచ్చిది దొరకడం కష్టం. ఎండువి ప్యాకెట్లలో వస్తాయి. నానబెడితే రెండు పిడికిళ్లు నాలుగు గిన్నెలవుతాయి.

ప్రకృతి_బాట (మంగళవారం, మధ్యాహ్నం 1:18)

మెలనిన్ ఒక్కటే పట్టుకుని కూర్చున్నారు. ఎర్గోథయోనైన్ సంగతేంటి? బీటా గ్లూకాన్లు? జపాన్‌లో పుట్టగొడుగుల మందుకు ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. కేరళలో త్రిశ్శూర్ అమల క్యాన్సర్ పరిశోధనా కేంద్రం వాళ్లు గానోడెర్మా (అదే రీషి) మీద చేసిన పని చదవండి. ఎలుకల్లో గామా కిరణాల నష్టం తగ్గిందని రాశారు. మనవాళ్లు చేసిందే.

బూజు_పరిశోధకుడు (మంగళవారం, రాత్రి 7:40)

మీరు చెప్పినవి మూడూ ఉన్నవే. ఒక్కోటీ చూద్దాం.

ఎర్గోథయోనైన్ అంటే నాకు చాలా ఇష్టమైన సబ్జెక్టు. 1909లో శార్ల్ తాన్రే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త రై ధాన్యానికి పట్టే ఎర్గాట్ బూజులో కనిపెట్టాడు. గంధకం ఉన్న అమైనో ఆమ్లం లాంటిది. మన ఒంట్లో తయారవదు, తిండిలోంచే రావాలి, తిండిలో ఎక్కువగా ఉండేది పుట్టగొడుగుల్లో. బటన్ కంటే ఆయిస్టర్‌లో, షిటాకేలో ఎక్కువ. వండినా పెద్దగా పోదు, కాకపోతే ఉడికించిన నీళ్లు పారబోస్తే వాటితో పాటు పోతుంది. 2005లో తేలిన విచిత్రం ఏంటంటే, దీన్ని కణం లోపలికి మోసుకెళ్లడానికి మన ఒంట్లో ప్రత్యేకంగా ఒక వాహకం ఉంది, ఓసీటీఎన్1 అని. ఎర్రకణాలు, కాలేయం, కిడ్నీ, మూలుగ, ఇక్కడంతా దాచుకుంటుంది శరీరం. ఊరికే దాచుకోదు కదా. ఈ ప్రశ్న శాస్త్రవేత్తలు నిజంగా వెంటపడుతున్న ప్రశ్న. కానీ ఆ వాహకం క్యాన్సర్ కణానికి లేదని చెప్పగలమా? రాజు గారు అడిగిందీ అదే.

బీటా గ్లూకాన్ పని వేరు. అది కవచం కాదు, బెత్తం. రోగనిరోధక కణాల వీపు మీద తట్టి లేపుతుంది. 1980ల్లో అమెరికా సైన్యం పరిశోధకులు ఎలుకలకు గ్లూకాన్ ఇంజెక్షన్ చేసి చూశారు. రేడియేషన్ తర్వాత మూలుగ తొందరగా కోలుకుంది, ఎక్కువ ఎలుకలు బతికాయి. జపాన్ అనుమతులు కూడా ఈ కోవలోవే. షిటాకే నుంచి లెంటినాన్, కట్టెల మీద విసనకర్రల్లా మొలిచే చిన్న తెల్ల పుట్టగొడుగు నుంచి షిజోఫిల్లాన్. రెండోది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్‌తో కలిపి ఇచ్చేవారు. రెండూ శుద్ధి చేసి చేసే ఇంజెక్షన్లు, అసలు చికిత్సకు తోడుగా మాత్రమే. ఆ చక్కెర గొలుసులు ఎంత పెద్దవంటే, మింగితే అలాగే రక్తంలోకి పోవు. ఇంజెక్షన్ ఫలితాన్ని క్యాప్సూల్ డబ్బా మీద అచ్చేయడం అన్యాయం.

అమల వాళ్ల పని మంచి పని. ఎలుకల్లో, గాజు పళ్లెంలోని మనిషి రక్తకణాల్లో. అక్కడి వరకూ నేనూ మీతో ఉన్నా.

అక్కా, డబ్బాలో చాగా ఉందన్నారు కదా. మీ అమ్మగారి క్రియాటినిన్ చూశాక నాకు భయమేసింది అక్కడే. చాగాలో ఆక్సలేట్ చాలా ఎక్కువ. జపాన్‌లో కాలేయ క్యాన్సర్ ఉన్న 72 ఏళ్ల ఒకావిడ రోజుకు నాలుగైదు చెంచాల చాగా పొడి ఆరు నెలలు తింది. కిడ్నీల్లో ఆక్సలేట్ పలుకులు పేరుకుని డయాలిసిస్ దాకా వెళ్లింది. 2014లో వైద్య పత్రికలో వచ్చిన కేసు. మీ డబ్బాలో అంత మోతాదు ఉండదు, తెలుసు. కానీ ఉద్దానం కిడ్నీతో ఎవరైనా ఆ పందెం కాస్తారా?

మ్యూనిక్_మూర్తి (మంగళవారం, రాత్రి 11:26)

పక్కదారి పట్టిస్తున్నా, క్షమించాలి. పుట్టగొడుగులు రేడియేషన్ నుంచి కాపాడతాయంటే మా ఊళ్లో నవ్వుతారు. చెర్నోబిల్ పేలిన కొద్ది రోజులకే బవేరియాలో పెద్ద వాన పడి, మబ్బులోని సీజియం అడవుల్లో దిగింది. సీజియం-137 సగానికి తగ్గాలంటే 30 ఏళ్లు. అది నేలపొరల్లో ఉండిపోయింది, దాన్ని పీల్చి పైకి తెచ్చేది పుట్టగొడుగులు. ఇక్కడ మారోన్ అనే గోధుమరంగు టోపీ పుట్టగొడుగు ఉంది, దాని రంగు పదార్థమే సీజియంను పట్టేసుకుంటుంది. భూమి లోపల పెరిగే ఒక రకాన్ని అడవిపందులు తవ్వుకు తింటాయి. ఇప్పటికీ వేటగాళ్లు పందిమాంసం కొలిపించాలి, కిలోకు 600 బెక్వెరెల్ (రేడియోధార్మికత కొలత) దాటితే పారేయాలి. పారేసినందుకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది.

మా మామగారు వచ్చినప్పుడు అడవిలో బుట్టెడు ఏరుకొచ్చారు. ఇంటి ఓనరమ్మ చూసి "ఇవి మీరు పెద్దవాళ్లు తినండి, పిల్లలకు పెట్టకండి" అంది. ఆయన తినలేదు. పారేయనూ లేదు, ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజులు చూశారు.

చేవెళ్ల_పుట్టగొడుగులు (బుధవారం, ఉదయం 7:05)

సార్, మా షెడ్లో గడ్డి మీద పెరిగేవాటికి ఆ గొడవ లేదు. జనం ఇది చదివి నా పొట్ట కొట్టకండి.

కొండగాలి (బుధవారం, ఉదయం 7:48)

పాడేరులో టీచర్ని. తొలకరి పడి ఉరుములు ఉరిమాక చెదపుట్టల మీద వచ్చే కొక్కులు (పుట్టగొడుగులు) తిన్నవాళ్లకు మీ క్యాప్సూల్స్ ఎక్కవు. అయితే ఒక మాట. చికిత్సలో ఉన్నవాళ్లకు అడవిలో ఏరినవి పెట్టకండి. ఏది తినేదో ఏది విషమో చూసి చెప్పగల ముసలమ్మలు మా ఊళ్లోనే ఇద్దరు మిగిలారు.

రెండోఇన్నింగ్స్ (బుధవారం, ఉదయం 10:33)

నాకు 2021లో నాలుక క్యాన్సర్. విజయవాడలో 33 సిట్టింగులు. అక్కా, మీకు ఇప్పుడు 10 అయ్యుంటాయి. వచ్చే వారం నుంచి మొదలవుతుంది అసలు కథ. కవచాల గురించి వదిలేసి ఇవి సిద్ధం చేసుకోండి.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు, అరచెంచా తినేసోడా. రెండు గంటలకోసారి పుక్కిలింత. నా మంచం పక్కన చెంబు ఎప్పుడూ ఉండేది. పచ్చిమిర్చి, చింతపండు, ఆవకాయ అన్నీ బంద్. రాగిజావ, మెత్తగా చేసిన పెరుగన్నం, గుడ్డు కలిపిన గంజి. మీ అమ్మగారికి కిడ్నీ ఉంది కాబట్టి గుడ్లు ఎన్నో డైటీషియన్‌నే అడగండి. పళ్లేమైనా కదులుతుంటే ఇప్పుడే చెప్పండి. కరెంటు తర్వాత పన్ను పీకితే దవడ మానకపోవచ్చు. బరువు ప్రతి సోమవారం రాసిపెట్టండి. తగ్గితే మాస్క్ వదులైపోతుంది, మళ్లీ కొత్తది చేయాలి. నాకు 19వ సిట్టింగ్ దగ్గర అదే అయింది.

పుట్టగొడుగు సూప్ మా ఆవిడ చేసిపెట్టింది. మిరియాలు లేకుండా మిక్సీ పట్టి వడకట్టి. మందుగా కాదు, గొంతులోంచి జారేది అదొక్కటే కాబట్టి. రుచి తెలియలేదు, తడి అట్టముక్క తిన్నట్టు ఉండేది. అయినా తాగాను.

ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. అమ్మగారు చుట్ట మానారా?

బూజు_పరిశోధకుడు (బుధవారం, ఉదయం 10:51)

సూప్ అయినా కూర అయినా బాగా ఉడికినవే. పచ్చి షిటాకే తింటే కొందరికి ఒంటి మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు వస్తాయి, దానికి కారణం ఆ లెంటినానే. చికిత్స మధ్యలో అలాంటి దద్దుర్లు వస్తే డాక్టర్లు కంగారు పడి ఏ మందు పడలేదా అని వెతుక్కుంటారు.

ఉద్దానం_కొబ్బరి (గురువారం, రాత్రి 10:15)

నిన్న జవాబు రాయలేకపోయాను. రెండోఇన్నింగ్స్ గారి ప్రశ్న చూసి, మానేసిందని టైప్ చేసి, పంపే ముందు అమ్మనే అడిగాను. "ఎప్పుడో మానేశాను" అంది. ఆ తర్వాత దొడ్లో బట్టలు ఆరేస్తుంటే గచ్చు మీద బూడిద కనపడింది. నోట్లో కుట్లున్నాయి, పుండుంది. అయినా కాలుస్తోంది. అడ్డపొగ కాదట, మామూలుగా బయటి కొస పట్టుకునేనట. "రోజుకు రెండే, అదీ కరెంటు పెట్టకముందే" అంది, పెద్ద నియమం పాటిస్తున్నట్టు.

ఏడ్చాను, అరిచాను. 45 ఏళ్ల అలవాటు. ఇక్కడ ఇంత టైపు చేశాను కానీ ఆ ఒక్కటీ నేనే అడగలేదు.

లీనాక్_రాజు (గురువారం, రాత్రి 11:02)

మీరు పుట్టగొడుగుల గురించి అడిగారు కాబట్టి అటే పోయాం. ఇది దానికంటే చాలా పెద్దది.

1993లో కెనడాలో తల, మెడ క్యాన్సర్ వాళ్ల మీద వచ్చిన పరిశోధన ఉంది. కరెంటు నడిచినన్నాళ్లూ పొగ ముట్టనివాళ్లలో 74 శాతం మందికి గడ్డ పూర్తిగా కరిగింది. తాగుతూనే ఉన్నవాళ్లలో 45 శాతం. కారణం ఏమనుకున్నారంటే, పొగతో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణవాయువు తగ్గుతుంది. ప్రాణవాయువు లేనిచోట కిరణం చేసిన దెబ్బ నిలవదు, కణం కోలుకుంటుంది. "కరెంటు పెట్టకముందే" అంటున్నారు చూడండి, అదే అన్నిటికంటే చెడ్డ వేళ.

దీనికీ మీ మొదటి ప్రశ్నకూ సంబంధం ఉంది. క్యూబెక్‌లో 540 మంది తల, మెడ క్యాన్సర్ రోగుల మీద విటమిన్ ఇ, కొన్నాళ్లు బీటా కెరోటిన్ ఇచ్చి చూశారు, 2005లో ఫలితాలు వచ్చాయి. వేసుకున్నవాళ్లలో నోటిపూత లాంటి బాధలు తగ్గాయి. అంటే కవచం పనిచేసింది. కానీ జబ్బు తిరగబెట్టడం కూడా వాళ్లలోనే ఎక్కువ కనిపించింది. తర్వాత విడదీసి చూస్తే ఆ నష్టం కరెంటు రోజుల్లో సిగరెట్ మాననివాళ్లలో తేలింది. కవచం తొడుక్కుని పొగ కూడా తాగడం. మీ ఇంట్లో సరిగ్గా ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, డబ్బా ఒక అరలో, చుట్టల కట్ట ఇంకో అరలో.

రేపు ఓపీలో మూడు నిమిషాలే ఉంటే, రెండున్నర చుట్ట గురించే మాట్లాడండి. మానిపించే కౌన్సెలింగ్, మందులు ఉన్నాయి. ఆమె నోట్లో పుండుంది కాబట్టి ఏది వాడాలో డాక్టరే చెప్పాలి. నికోటిన్ చూయింగ్ గమ్ సొంతంగా కొనకండి.

ప్రకృతి_బాట (శుక్రవారం, ఉదయం 6:30)

అమ్మా, నేను మొదట తొందరపడి రాశాను. మా నాన్నగారికి చుట్టా బీడీ లేదు, కిడ్నీ బాగుంది. ఆయన బాగుండటానికి రీషీయే కారణమో కాదో నేను చెప్పలేను, బాగున్నారు అంతే. కరెంటు మొత్తం అయ్యాక, డాక్టరు సరేనంటే, అప్పుడు ఆలోచించండి. ఇప్పుడు వద్దు.

ఉద్దానం_కొబ్బరి (శుక్రవారం, సాయంత్రం 5:20)

కలిశాం. డబ్బా చూపిస్తే డాక్టరు గారు వెనక్కి తిప్పి చదివి, "ఇందులో ఏముందో నాకు తెలీదు, ఆమె కిడ్నీకి ఏమవుతుందో అసలు తెలీదు, వద్దు" అన్నారు. పుట్టగొడుగు కూర తినొచ్చా అంటే "కారం లేకుండా ఎంతైనా" అన్నారు. చుట్ట సంగతి చెప్పేసరికి కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చున్నారు. మూడు నిమిషాలు కాదు, ఇరవై పట్టింది. బయట క్యూ వాళ్లు తలుపు తోస్తూనే ఉన్నారు. అమ్మ తల దించుకుని కొంగు చివర మెలిపెడుతూ కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు.

పెద్దత్త కొడుక్కి డబ్బాలు తిరిగిచ్చేశాను. ముఖం మాడ్చుకున్నాడు.

రెండోఇన్నింగ్స్ (శుక్రవారం, రాత్రి 8:11)

మాడ్చుకోనివ్వండి. మధ్యలో ఎలా ఉందో రాస్తూ ఉండండి.

ఉద్దానం_కొబ్బరి (మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:05)

27 అయ్యాయి. ఇంకా మూడు. మీరు చెప్పినట్టే పదిహేను దాటాక నోరు పూసింది. మెడ మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తోంది. రెండు కిలోలు తగ్గింది, మాస్క్ ఇంకా సరిపోతోంది. సోడా నీళ్ల చెంబు మంచం పక్కనే. క్రియాటినిన్ 1.6 దగ్గరే ఉంది.

మొన్న మార్కెట్లో మిల్కీ కనపడితే తెచ్చి, పాలు పోసి మెత్తగా వండి మిక్సీ పట్టాను. రెండు చెంచాలు మింగి "ఏటే ఇది, గుడ్డ నానబెట్టినట్టుంది" అంది. మర్నాడు మళ్లీ అదే చెయ్యమంది, మంట పుట్టలేదట.

చుట్ట పన్నెండు రోజులు లేదు. నిన్న పసుపు డబ్బాలో ఒకటి దొరికింది, సగం కాల్చి ఆర్పేసింది. ఎదురుగా పెట్టి అడిగితే "అది పాతది" అంది. వాసన చూశాను. పాతది కాదు.